రాణిగారి తోటలో ఖాళీ ఉయ్యాల

నా చిన్నప్పుడు మేము హొనొలులులో ఉండేవాళ్ళమని చెబితే ఇక్కడ అమెరికాలో, మేముండే బాతెల్‌లో మనవాళ్ళెవరూ ఒక పట్టాన నమ్మరు. వాళ్ళ దృష్టిలో డెబ్బైల చివర అమెరికా వచ్చిన తెలుగువాళ్ళంటే అయితే డాక్టర్లు, కాకపోతే ఇంజనీర్లు. మా నాన్న ఆ రెండూ కాదు. అనకాపల్లి దగ్గర చెరకు మీద పరిశోధన చేసుకుంటూ, ఆ చెరకునే పట్టుకుని ఆ దీవులకు వచ్చి పడ్డారు. "హవాయిలోనా ఆంటీ, రోజూ బీచ్‌కి వెళ్ళేవాళ్ళా?" అని అడిగే కుర్రకారుకు ఏం చెప్పను? చెప్పులో ఇసుక పడితే అమ్మ వారం రోజులు సణిగేది. మా బీచ్ భాగ్యం అంతవరకే.

నేను చెప్పబోయేది సముద్రం సంగతి కాదు, కొండల సంగతి. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఊరు వచ్చి రెండేళ్ళయింది. అమ్మకు ఏడో నెల. అంతకు ముందు సంవత్సరం కూడా అమ్మ నీళ్ళోసుకుంది. ఐదో నెలలో ఒకనాడు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో నాన్న ఒక్కరే కూర్చుని ఉన్నారు. "పాపాయి రాలేదమ్మా" అన్నారు. ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెద్దవాళ్ళు చెప్పకుండా వదిలేసిన చోట పిల్లలు ఊరుకోరు, తమకు తోచింది పెట్టుకుంటారు. నాకు తోచిందేమిటంటే, అంతకు ముందురోజు నేను అమ్మ మీద అలిగి అన్నం కంచం తోసేశాను. అందుకే పాపాయి రాలేదు. ఈ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు.

అందుకని ఈసారి ఇంట్లో నేను మునివేళ్ళ మీద నడిచేదాన్ని. నేనొక్కదాన్నేనా, అందరిదీ అదే వరస. అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల నిండా కూడదు అనే మాటే. బరువు ఎత్తకూడదు, తలుపు గడప మీద కూర్చోకూడదు, బొప్పాయి తినకూడదు. ఆ ఊళ్ళో ఏ పెరట్లో చూసినా బొప్పాయి చెట్టే. ఆఫీసులో ఎవరో సంచీ నిండా బొప్పాయిలు ఇస్తే మొహమాటానికి తీసుకున్న నాన్న, ఇంటికి తేవడానికి భయపడి ఆ సంచీని వారం రోజులు కారు వెనకే పెట్టుకుని తిరిగారు. కారంతా ఆ వాసనే. అమ్మకు తెలిసింది కానీ తెలియనట్టే ఊరుకుంది.

ఇంట్లో గోడలు చూసి చూసి విసుగొస్తోందని అమ్మ అనడంతో, కాస్త నడిస్తే మంచిదేనని డాక్టర్ కూడా చెప్పడంతో, ఒక శనివారం నాన్న మమ్మల్ని రాణిగారి వేసవి విడిదికి తీసుకెళ్ళారు. ఆ దీవులకు ఒకప్పుడు రాజులూ రాణులూ ఉండేవారు. కింద ఊళ్ళో ఉక్క ఎక్కువైనప్పుడు ఒక రాణిగారు ఆ కొండల నడుమ లోయలో ఉన్న ఇంటికి వచ్చి ఉండేవారట. రాణిగారి విడిది అనేసరికి అమ్మ కోటలు, బురుజులు ఊహించుకుంది. తీరా చూస్తే తెల్లరంగు వేసిన చెక్క ఇల్లు, ముందు లావుపాటి స్తంభాలు, వెడల్పాటి వరండా.

"ఇదేనా? మా పెదనాన్నగారి ఇల్లు ఇంతకన్నా పెద్దది" అంది అమ్మ.

కానీ తోట చూశాక ఆ మాటే మరిచిపోయింది. చుట్టూ పచ్చటి కొండలు, వాటి నెత్తిన మబ్బులు. ఎండ కాస్తూనే ఉంటుంది, సన్నటి జల్లు పడుతూనే ఉంటుంది. మన మందారాలు, మన దేవగన్నేరు, మన మామిడిచెట్లు. నాకన్నా ఎత్తు పెరిగిన అల్లం జాతి పొదలు, వాటికి తెల్లటి పూలు. ఆ వాసనకి అమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు అలా నిలబడిపోయింది. ఎన్నో నెలల తర్వాత అమ్మ ముఖం విప్పారడం చూసి నాన్న కూడా కులాసాగా ఈల వేశారు. ఆయన ఈల వేయడం నేను అంతకు ముందు వినలేదు.

మ్యూజియంగా మార్చిన ఆ ఇల్లు చూపించే పెద్దావిడే ఆ తోటనూ చూసుకునేది. మెడ నుంచి పాదాల దాకా వదులుగా ఉండే పూల గౌను, నెరిసిన జుట్టు ముడి, ముడిలో ఒక పువ్వు, చేతిలో కత్తెర. అమ్మను చూడగానే ఆవిడకు విషయం తెలిసిపోయి, కుర్చీ ఒకటి తెచ్చి మామిడిచెట్టు కింద వేసింది. ఆ దీవుల్లో పిల్లలు పెద్దవాళ్ళనందరినీ మనలాగే ఆంటీ, అంకుల్ అంటారు. నేను ఆవిడకు తోట ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, ఎందుకో ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

అమ్మ కుర్చీలో కూర్చుంది, నాన్న గడ్డి మీద చతికిలబడ్డారు. ఇల్లు చూద్దామని నేను గొడవ పెడితే, "అమ్మ కాసేపు ఆగాక అందరం వెళ్దాం" అన్నారు. నాకు ఆగడం చేతకాదు, ఇప్పటికీ చేతకాదు. ఇద్దరూ ఊరి కబుర్లలో పడగానే నేను వరండా ఎక్కి లోపలికి దూరాను. తోట ఆంటీ బయట పొదల దగ్గర ఎవరికో ఏదో చెబుతోంది. లోపల ఎవరూ లేరు.

పెద్ద పెద్ద మంచాలు, అద్దాలు, ఈకలతో చేసిన వింజామరలు దాటుకుంటూ ఒక గదిలోకి వెళ్ళాను. అక్కడ అడ్డంగా కట్టిన తాడు వెనకాల ఒక ఉయ్యాల ఉంది. నున్నటి ఎర్రచెక్కతో పడవలా చేశారు. మా ఇంట్లో పాపాయికి ఇంకా ఏమీ కొనలేదు. పోయినసారి ముందే కొన్న చిన్న చిన్న బట్టల్ని తర్వాత ఎక్కడ దాచాలో తెలియక అమ్మ ఏడ్చిందని, ఈసారి నాన్న ఏదీ కొననివ్వలేదు. అందుకని ఉయ్యాల కనబడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. తాడు కింద నుంచి దూరి, ఒక వేలితో తోశాను. చప్పుడు లేకుండా ఊగింది. మళ్ళీ తోశాను. మా చెల్లి అందులో పడుకుని ఉన్నట్టు ఊహించుకుని మూడోసారి రెండు చేతులతో ఊపాను. చెల్లే పుడుతుందని నేను ముందే తీర్మానించేసుకున్నాను.

అప్పుడు గోడ మీద చిన్న అట్ట కనిపించింది. స్కూల్లో కొత్తగా ఇంగ్లీషు చదవడం వచ్చిన ఉత్సాహంలో నేను కనబడిందల్లా చదివేదాన్ని. అది రాణిగారి ఒక్కగానొక్క కొడుకు ఉయ్యాల అని, ఆ పిల్లవాడు నాలుగేళ్ళకే చనిపోయాడని రాసి ఉంది.

చప్పున ఉయ్యాల మీంచి చేతులు తీసేశాను. ఊళ్ళో ఉండగా మా పిన్ని కొడుకు ఉయ్యాలను, వాడు అందులో లేనప్పుడు, నేను ఊరికే ఊపుతుంటే అమ్మమ్మ వచ్చి చేతి మీద ఒక్కటి వేసింది. "ఖాళీ ఉయ్యాల ఊపకూడదే, పిల్లాడికి కడుపునొప్పి వస్తుంది" అంది. ఆరోజు సాయంత్రం వాడు నిజంగానే గుక్కపెట్టి ఏడ్చాడు. పసిపిల్లలు ఏ సాయంత్రం ఏడవరు చెప్పండి? కానీ ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు కదా. ఇది మామూలు ఖాళీ ఉయ్యాల కూడా కాదు, చచ్చిపోయిన పిల్లవాడి ఉయ్యాల. దాన్ని ఊపింది ఎవరూ? ఏడో నెల కడుపుతో బయట కూర్చున్న మనిషి కూతురు.

నేను తోటలోకి పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకు వంగి ఉంది. ముఖం పాలిపోయింది. నాన్న లేచి నిలబడి, "ఎక్కడ నొప్పి? మళ్ళీ వచ్చిందా?" అని అడుగుతున్నారు. ఆయన గొంతు ఆయనది కాదు. కొద్దిసేపు ఆగి అమ్మ మళ్ళీ వంగింది.

"ఏవండీ, కారు తీసుకురండి" అంది నెమ్మదిగా. మా అమ్మ అరిచే మనిషి. అరవకుండా అలా నెమ్మదిగా అనడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

కారు రోడ్డు దిగువన ఎక్కడో ఉంది. నాన్న నా భుజాలు పట్టుకుని, "అమ్మ దగ్గరే ఉండు. కదలొద్దు" అని చెప్పి ఆ వానజల్లులోనే పరిగెత్తారు. తోట ఆంటీ మంచినీళ్ళు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చింది, వీపు నిమిరింది. అమ్మ నా కోసం చెయ్యి చాపింది. అబద్ధం చెప్పడం దేనికి, నేను వెళ్ళలేదు. ఆ పని చేసిన చేతులతో అమ్మను ముట్టుకుంటే ఇంకా ఏమవుతుందోనని అల్లం పొదల దగ్గరే నిలబడిపోయాను. అమ్మ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంచి, దించేసుకుంది. నా జీవితంలో నేను చేసిన చెడ్డపనులు చాలానే ఉన్నాయి. వాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

తోట ఆంటీ ఇదంతా చూసింది. ఇంకొకావిడను పిలిచి అమ్మ పక్కన నిలబెట్టి, నా దగ్గరకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ తడి నేల మీద, అంత పెద్దావిడ. ఏమైందని అడిగింది. నేనిక ఆగలేదు. ఉయ్యాల ఊపానని, ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మా అమ్మమ్మ చెప్పిందని, పోయినసారి కంచం తోశానని, ఈసారి ఇది కూడా చేశానని, మొత్తం కక్కేశాను. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఆవిడకు ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి.

ఇప్పటి మనలాంటివాళ్ళం అయితే ఏం చేస్తాం? నవ్వుతాం. లేదా "ఛ, అవన్నీ నిజం కాదమ్మా" అంటాం. ఆవిడ నవ్వలేదు, నిజం కాదనీ అనలేదు. "ఎన్నిసార్లు ఊపావు?" అని అడిగింది, జ్వరం ఎన్ని రోజుల్నుంచి అని డాక్టర్ అడిగినట్టు. మూడు అన్నాను. "మెల్లగానా, గట్టిగానా?" అంది. రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా అన్నాను. తల ఊపింది. "మా అమ్మమ్మ కూడా ఇలాంటివి చాలా చెప్పేది" అంది. కాసేపు ఏదో ఆలోచిస్తూ కొండల వైపు చూసింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచింది.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఆ గది గుమ్మంలో ఆగి అటూ ఇటూ చూసి, తాడు కొక్కెం తీసింది. ఎవరైనా చూస్తే ఆవిడ ఉద్యోగం ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు గుండె జారుతుంది. ఉయ్యాల ముందు నిలబడి తన భాషలో మెల్లగా ఏదో అనుకుంది. అప్పుడు రెండు చేతులూ వేసి ఊపింది. నాలాగా కాదు, లోపల పిల్లవాడున్నట్టు, బాగా పెద్ద ఊపు. అది ఆగేదాకా చూసి నా వైపు తిరిగింది.

"విను. దీన్ని చివర ఊపింది ఎవరు?"

"మీరు" అన్నాను.

"ఏది వచ్చినా చివరి చేతినే వెతుక్కుంటూ వస్తుంది. ఇప్పుడు అది నా చెయ్యి. నీకు ఇందులో సంబంధం లేదు. నువ్వు వెళ్ళి మీ అమ్మను పట్టుకో."

నిజం చెప్పాలంటే నేను ఆలోచించలేదు. ఆవిడకు ఏమవుతుందనీ అడగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ మాట చాలు. పరిగెత్తుకెళ్ళి అమ్మ నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. అమ్మ నా తల మీద గడ్డం ఆనించి, "ఎక్కడికి పోయావే అమ్మడూ" అంది. నాన్న కారు తెచ్చేదాకా, హాస్పిటల్‌కి వెళ్ళేదాకా నేను ఆ పట్టు వదల్లేదు. వెనక సీటులో అమ్మ నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నొక్కేది, నేను తిరిగి నొక్కేదాన్ని.

హాస్పిటల్‌లో మూడు రోజులు ఉంచారు. నొప్పులు ఆగాయి కానీ, కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదన్నారు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో గడిచిన తీరు చెప్పనలవి కాదు. నాన్న వంట నేర్చుకున్నారు. మేము ఆ వంట తినడం నేర్చుకున్నాం. అమ్మ పక్క మీద కదిలితే ఇద్దరం ఉలిక్కిపడి చూసేవాళ్ళం. టెలిఫోన్ మోగినా, అమ్మ దగ్గినా, మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోయినా భయమే. నాన్న అయితే పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. అంత భయంలోనూ నాలో ఒక మూల తేలిగ్గా ఉండేది. ఏది వచ్చినా నన్ను వెతుక్కుంటూ రాదు అనుకునేదాన్ని. అందుకే అమ్మ దగ్గర కూర్చుని జడ వేయగలిగాను, కథలు చెప్పగలిగాను. పోయినసారిలా మూల నక్కి కూర్చోలేదు.

నెలలు నిండాకే మా చెల్లి పుట్టింది. కాస్త బలహీనంగా ఉన్నా, గొంతు మాత్రం అమ్మదే.

మూడో నెల వెళ్ళాక, ఆ రోజు నీళ్ళు ఇచ్చిన పెద్దావిడకు పాపను చూపించాలని అమ్మే అంది. ఆవిడ నాతో ఏం చేసిందో అమ్మకు తెలియదు. పట్టుచీర కట్టుకుని, చెల్లికి దిష్టిచుక్క పెట్టి బయలుదేరింది. తోట ఆంటీ ఆ మామిడిచెట్టు కిందే ఆకులు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు పడేసి వచ్చింది. పాపను రెండు చేతుల్లోకీ తీసుకుని ముక్కు దాని నుదుటికి ఆనించి కళ్ళు మూసుకుంది. అంతసేపు ఎందుకు మూసుకుందో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత తన సంచీలోంచి ఒక ఫోటో తీసి అమ్మకు చూపించింది. అందులో బొద్దుగా ఉన్న పసివాడు. తన మనవడట. వేరే దీవిలో ఉంటున్న కూతురికి పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టాడట. అమ్మ మర్యాదగా ఎన్నో నెల అని అడిగింది. మా చెల్లికన్నా పది రోజులే పెద్ద అని తోట ఆంటీ చెప్పింది.

అమ్మకు అది మామూలు మాట. ఒకేసారి పుట్టారే అని నవ్వింది. నేను మాత్రం వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. మేము ఆ ఉయ్యాల దగ్గర నిలబడిన రోజున ఆవిడ కూతురికి కూడా ఏడో నెలే అన్నమాట. పదకొండేళ్ళు ఎదురుచూసిన కడుపు. చివరి చెయ్యి నాది అని ఆవిడ చెప్పినప్పుడు నా కోసం పణంగా పెట్టింది ఆ కడుపునే.

అమ్మా నాన్నా పాపతో వరండా వైపు వెళ్ళాక, నేను ఆవిడ గౌను అంచు పట్టుకుని ఆపాను. మీకు భయం వేయలేదా అని అడిగాను. పెద్దవాళ్ళకు అలాంటి భయాలు ఉండవని, లేదు అంటుందని నా నమ్మకం. అలా అంటే నేను కూడా అన్నీ వట్టి మాటలేనని హాయిగా ఊపిరి పీల్చుకుందామని అనుకున్నాను.

"వేసింది. రోజూ వేసింది. వాడు పుట్టి ఏడ్చాడని ఫోన్‌లో వినేదాకా వేసింది" అంది ఆవిడ. నా చెంప మీద పడ్డ జుట్టు వెనక్కి తోస్తూ, "అంత భయం మొయ్యడానికి నువ్వు మరీ చిన్నపిల్లవి కదా" అంది.

మరుసటి ఏడు నాన్న ఉద్యోగం మారి మేము ఆ దీవి వదిలేశాం. ఆవిడను మళ్ళీ చూడలేదు. ఆవిడ అసలు పేరు కూడా నాకు తెలియదు, తెలుసుకోవాలని అప్పుడు తోచలేదు. ఇన్నేళ్ళలో నేను చాలామందికి ధైర్యం చెప్పాను. పిల్లలకు జ్వరం వస్తే వాళ్ళ అమ్మలకు చెప్పాను, వీసా చిక్కుల్లో పడ్డవాళ్ళకు చెప్పాను, మా అబ్బాయికి, మా కోడలికి చెప్పాను. ఏమీ కాదులే అనడం ఎంత సులువో నాకు బాగా తెలుసు. అందులో మన సొమ్ము ఏమీ పోదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఆ తడి నేల మీద మోకాళ్ళతో కూర్చున్న పెద్దావిడ ముందు నేను సిగ్గుపడుతూనే ఉన్నాను. ఆవిడ నాకు ధైర్యం చెప్పలేదు. తను భయపడుతూనే నా భయాన్ని తీసుకుంది. ఆ పని నేను ఇంతవరకూ ఎవరి కోసమూ చేయలేదు. చేయాల్సి వచ్చిన రోజున నా చెయ్యి ముందుకు వస్తుందో రాదో అన్న బెంగ మాత్రం, యాభై దాటిన ఈ వయసులో కూడా, నన్ను వదలలేదు.